పరాయి చేతిలోని క్లయింట్: ఇన్‌స్టాలేషన్ వేళ అధికారాల కట్టడి

కార్యాలయాల్లో, బ్యాంకుల్లో, మీసేవ కేంద్రాల్లో కనిపించే కంప్యూటర్లు తమంతట తాముగా పూర్తి చేసే పని చాలా తక్కువ. ఫైళ్లు, ప్రింటర్లు, ఖాతాల వివరాలు, పౌరుల రికార్డులు మరెక్కడో ఉన్న సర్వర్ల అధీనంలో ఉంటాయి గనుక, ఆ సర్వర్‌తో దానికి అర్థమయ్యే పద్ధతిలో మాట్లాడగల ఒక సాఫ్ట్‌వేర్‌ను ముందుగా ఈ యంత్రంలో ఇన్‌స్టాల్ చేయవలసి వస్తుంది. దానినే నెట్‌వర్క్ క్లయింట్ అంటారు. క్లయింట్‌తో పాటు రెండు రకాల ప్రోగ్రాములు యంత్రంలోకి చేరే వీలుంది: రోజువారీ పని చేసుకునే ఉద్యోగికి కావలసినవి కొన్ని; కొత్త ఖాతాలు తెరవడానికి, పాస్‌వర్డులు మార్చడానికి, సర్వర్ అమరికలను సవరించడానికి నిర్వాహకుడికి మాత్రమే కావలసినవి మరికొన్ని. ఈ రెండో రకాన్ని అడ్మిన్ టూల్స్ అంటారు. వీటిని ఏ యంత్రంలో పెట్టాలి, ఎవరికి అందకుండా చూడాలి, అందకుండా చేయడానికి నిజంగా పనికివచ్చే మార్గం ఏది అన్న ప్రశ్నలు పైకి చిన్న సాంకేతిక వివరాలుగా కనిపించినా, బెంగళూరులో రూపుదిద్దుకున్న ఆధార్ వంటి వ్యవస్థలో అవి కోట్లాది ప్రజల గుర్తింపుతో ముడిపడ్డాయి.

విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకరులను స్థూలంగా రెండు తరగతులుగా చూస్తుంది. సాధారణ వాడుకరి తన సొంత ఫైళ్లను మార్చుకోగలడు గాని యంత్రమంతటికీ చెందిన ఫోల్డర్లను, అమరికలను ముట్టుకోలేడు. అడ్మినిస్ట్రేటర్ల బృందంలో ఉన్న వాడుకరి వాటన్నిటినీ మార్చగలడు. నెట్‌వర్క్ క్లయింట్ ఇన్‌స్టాల్ కావడానికి సాధారణంగా ఈ రెండో అధికారం కావాలి, ఎందుకంటే అది హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే డ్రైవర్లను ఆపరేటింగ్ సిస్టమ్ లోపలికి చేరుస్తుంది, ఎవరూ లాగిన్ కాకముందే మొదలై తెర వెనుక నడిచే సర్వీసులను నమోదు చేస్తుంది, కొన్ని సందర్భాల్లో లాగిన్ తెరనే మారుస్తుంది. విండోస్ ఎన్‌టీ, 2000, ఎక్స్‌పీల కాలంలో నోవెల్ సంస్థ క్లయింట్‌ను పెట్టినప్పుడు, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన లాగిన్ భాగం తప్పుకుని దాని స్థానంలోకి నోవెల్ భాగం వచ్చేది. ఉద్యోగి టైపు చేసే పాస్‌వర్డ్ ముందుగా దాని చేతికే అందేది. విండోస్ విస్టా ఆ ఏర్పాటును తొలగించి మరో పద్ధతిని తెచ్చింది గాని, లాగిన్ సమయంలో పాలుపంచుకునే కోడ్ ఎంత నమ్మకమైనదై ఉండాలన్న విషయంలో మార్పేమీ రాలేదు. పాస్‌వర్డ్ పుట్టేచోటే కూర్చునే సాఫ్ట్‌వేర్‌ను ఎవరు, ఏ అధికారంతో, ఏయే భాగాలతో పెడుతున్నారన్నది ఆ యంత్రం భద్రతనే గాక, అది మాట్లాడే సర్వర్ భద్రతను కూడా నిర్ణయిస్తుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, ఇన్‌స్టాలేషన్‌కు కావలసిన అధికారాన్ని రోజువారీ వాడకానికి కూడా కావలసినదిగా భావించడం. ఇల్లు కట్టే మేస్త్రీకి తాళంచెవి ఇవ్వడం ఎంత అవసరమో పని ముగిశాక దానిని వెనక్కు తీసుకోవడమూ అంతే అవసరమని అందరికీ తెలుసు. కార్యాలయాల్లో మాత్రం క్లయింట్ ఎక్కడం లేదని ఉద్యోగి ఖాతాను అడ్మినిస్ట్రేటర్ల బృందంలో చేర్చి, అది ఎక్కిన తర్వాత ఆ ఖాతాను అక్కడే వదిలేయడం పరిపాటి. కొన్ని క్లయింట్లు తమ అమరికల ఫైళ్లను యంత్రమంతటికీ చెందిన ఫోల్డర్‌లో రాసేలా తయారై ఉండటం వల్ల, సాధారణ వాడుకరి తెరిస్తే పనిచేయక, ఈ అలవాటుకు మరింత బలం చేకూరుస్తాయి. అటువంటి చోట చేయవలసిన పని ఉద్యోగి స్థాయిని పెంచడం కాదు. ఆ ఒక్క ఫోల్డర్‌కు మాత్రం రాసే హక్కు ఇవ్వడం, ఇంకా మేలైనది ఆ క్లయింట్‌ను తయారుచేసినవారి చేత సరిచేయించడం.

ఈ సమస్యకు నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. 1980లలో, 90లలో ప్రపంచవ్యాప్తంగా కార్యాలయాల నెట్‌వర్కులను ఏలినది నోవెల్ సంస్థ తయారుచేసిన నెట్‌వేర్. అమెరికాలోని యూటా రాష్ట్రంలో పుట్టిన ఈ సంస్థకు బెంగళూరులో పెద్ద అభివృద్ధి కేంద్రం ఉండేది; 2011లో అటాచ్‌మేట్, 2014లో మైక్రో ఫోకస్, 2023లో ఓపెన్‌టెక్స్ట్ చేతుల్లోకి ఆ వారసత్వం మారుతూ వచ్చింది. నెట్‌వేర్ సర్వర్‌లో అందరూ చదవగలిగే పబ్లిక్ అనే ఫోల్డర్, నిర్వాహకులకు మాత్రమే తెరుచుకునే సిస్టమ్ అనే ఫోల్డర్ వేరువేరుగా ఉండేవి. ఇంత చక్కని విభజన ఉన్నా, వాడుకరుల ఖాతాలను నిర్వహించే సిస్‌కాన్ అనే టూల్ పబ్లిక్ ఫోల్డర్‌లోనే ఉండేది, ఎందుకంటే ఉద్యోగి తన పాస్‌వర్డును తాను మార్చుకోవడానికి కూడా అదే పనికివచ్చేది. 1993లో వచ్చిన నెట్‌వేర్ 4, సంస్థలోని వాడుకరులు, ప్రింటర్లు, సర్వర్లు అన్నిటినీ ఒకే చెట్టు ఆకారంలో అమర్చే డైరెక్టరీ సర్వీసును ప్రవేశపెట్టినప్పుడు, ఆ చెట్టును నిర్వహించే ఎన్‌డబ్ల్యూఅడ్మిన్ అనే కొత్త టూల్ కూడా అదే ఫోల్డర్‌లో చేరింది. పైగా మొదటి అమరికలోనే చెట్టు మొత్తాన్ని చూసే హక్కు అందరికీ దఖలుపడి ఉండటంతో, ఏ ఉద్యోగి అయినా దానిని తెరిచి సంస్థలోని ఖాతాల పేర్లన్నీ చూడగలిగేవాడు.

దీనికి విరుగుడుగా చాలామంది నిర్వాహకులు ఆ టూల్‌ను పబ్లిక్ ఫోల్డర్ నుంచి తీసి తమకు మాత్రమే అందే చోట పెట్టేవారు. కొందరు క్లయింట్ ఇన్‌స్టాలేషన్ ప్యాకేజీ నుంచే దానిని, దాని షార్ట్‌కట్‌ను మినహాయించేవారు. అది మంచి అలవాటే గాని, దాని బలం ఎంతో ఆలోచించాలి. టూల్ అనేది సర్వర్‌కు కొన్ని అభ్యర్థనలను పంపే ప్రోగ్రామ్ మాత్రమే. అదే ప్రోగ్రామును ఫ్లాపీ మీద తెచ్చుకున్నవాడికి, లేదా ఆ అభ్యర్థనలను స్వయంగా కూర్చి పంపగల ప్రోగ్రామ్ రాసుకున్నవాడికి, సర్వర్ ఇచ్చే జవాబు మారదు. 1992లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన ఒక చిన్న ప్రోగ్రామ్ ఈ సంగతిని తిరుగులేకుండా రుజువు చేసింది: నిర్వాహకుడు లాగిన్ అయి ఉన్న సమయంలో అతని పేర నకిలీ ప్యాకెట్లను, అంటే నెట్‌వర్క్ మీద ప్రయాణించే సమాచార ముక్కలను సృష్టించి పంపి, మామూలు వాడుకరికి పూర్తి అధికారం సంపాదించిపెట్టగలిగింది. అక్కడ ఏ అడ్మిన్ టూల్‌నూ తెరవనక్కరలేదు. నోవెల్ దానికి సమాధానంగా ప్రతి ప్యాకెట్‌కూ నకలు చేయడానికి వీలులేని సంతకాన్ని జోడించే పద్ధతిని తెచ్చింది. అంటే పరిష్కారం టూల్‌ను దాచడంలో కాక, అభ్యర్థన ఎవరిదో సర్వర్ తానే నిర్ధారించుకోవడంలో దొరికింది.

దీని వెనుక ఉన్న సూత్రాలను జెరోమ్ సాల్జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రవేత్తలు 1975లోనే ఒక పరిశోధన వ్యాసంలో పొందుపరిచారు. ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వాడుకరీ తన పనికి అవసరమైన కనీస అధికారంతోనే నడవాలన్నది వాటిలో బాగా ప్రసిద్ధమైనది. అంతే విలువైన మరొకటి అంతగా ప్రచారంలోకి రాలేదు: ప్రతి వస్తువును అందుకునే ప్రతి ప్రయత్నాన్నీ, ప్రతిసారీ, హక్కు ఉందో లేదో పరీక్షించాలి. మొదటి సూత్రాన్ని క్లయింట్ యంత్రం మీద పాటించవచ్చు. రెండోది మాత్రం సర్వర్ మీదనే పాటించగలం, ఎందుకంటే పరీక్షించే కోడ్ పరీక్షకు లోనయ్యేవాడి చేతిలో ఉంటే దానిని అతడు మార్చివేయగలడు.

అయితే టూల్‌ను క్లయింట్‌లో పెట్టకుండా ఉండటం వ్యర్థమని దీని అర్థం కాదు. ఒరాకిల్ డేటాబేస్ క్లయింట్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, డేటాబేస్‌ను అడిగి జవాబు తెచ్చే కనీస లైబ్రరీలు మాత్రమే ఉన్న ఇన్‌స్టంట్ క్లయింట్, అప్లికేషన్లు నడవడానికి కావలసిన రన్‌టైమ్, నిర్వహణ టూల్స్‌తో కూడిన అడ్మినిస్ట్రేటర్ అనే రకాలు వేరువేరుగా కనిపిస్తాయి. ఐబీఎం డీబీ2కు కూడా రన్‌టైమ్ క్లయింట్, పూర్తి క్లయింట్ అని రెండున్నాయి. లెక్కల విభాగంలో రసీదులు నమోదు చేసే ఉద్యోగికి ఒరాకిల్ మూడు రకాల్లో మొదటి రెండిటిలో ఒకటి చాలు. ఏది కావాలో తేల్చుకోవడానికి తీరిక లేక, లేదా తర్వాత ఏదో తక్కువైందని ఫోన్ వస్తుందన్న భయంతో, అన్ని యంత్రాల్లోనూ మూడోదాన్నే ఎక్కించడం వల్ల నష్టం వెంటనే కనిపించదు. అటువంటి యంత్రం ఒకటి దొంగ చేతికి చిక్కిన రోజున, సర్వర్ల చిరునామాలు, కనెక్షన్ అమరికలు, వాటిని వాడే టూల్స్ అన్నీ ఒకేచోట సిద్ధంగా దొరుకుతాయి.

అవసరం లేని భాగం యంత్రంలో ఉండటమే ఎంత ప్రమాదమో తెలుగు నేల మీద 2017 మే నెలలో అనుభవమైంది. మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై అనే హానికర సాఫ్ట్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నిటిని కూడా స్తంభింపజేసింది. అది దూరిన దారి, ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంచుకోవడానికి విండోస్ వాడే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్ తొలి వర్షన్. దశాబ్దాల నాటి ఆ భాగాన్ని చాలా కార్యాలయాలు వాడకపోయినా, విండోస్‌తో పాటు అది తనంతట తానే వచ్చి కూర్చునేది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మార్చిలోనే సవరణ విడుదల చేసింది, ఆ సంవత్సరం చివర వచ్చిన విండోస్ 10 వర్షన్ నుంచి ఆ ప్రోటోకాల్ సర్వర్ భాగాన్ని కొత్త ఇన్‌స్టాలేషన్లలో చేర్చడం మానేసింది. కొన్ని రకాల్లో మిగిల్చిన క్లయింట్ భాగం కూడా 15 రోజుల పాటు ఎవరూ వాడకపోతే తనంతట తానే తొలగిపోయే ఏర్పాటు చేసింది. ఇన్‌స్టాలేషన్ వేళ పాటించే పొదుపు భద్రతకు ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి ఇంతకన్న సూటి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ తర్వాత నెలన్నరకు, జూన్ 27న, నాట్‌పెట్యా వచ్చింది. ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాక్కుని అది కార్యాలయాల్లోకి ప్రవేశించి, యంత్రం మెమరీలో మిగిలిన నిర్వాహకుల లాగిన్ వివరాలను దొంగిలించి, పీఎస్‌ఎగ్జెక్, డబ్ల్యూఎంఐ అనే చట్టబద్ధమైన అడ్మిన్ టూల్స్‌తో పక్క యంత్రాలకు పాకింది. నౌకా రవాణా సంస్థ మేర్స్క్ 45 వేల కంప్యూటర్లను, 4 వేల సర్వర్లను పది రోజుల్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసి వచ్చిందని దాని అధ్యక్షుడు తర్వాత వెల్లడించాడు. ముంబయి దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులో ఆ సంస్థ నడిపే టెర్మినల్ పని కూడా నిలిచిపోయింది. పీఎస్‌ఎగ్జెక్ ఆ యంత్రాల్లో ముందే ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాలేదు, ఎందుకంటే నాట్‌పెట్యా దాని ప్రతిని తనతోనే మోసుకొచ్చింది. దానికి యంత్రాల్లోనే దొరికినది నిర్వాహకుడి అధికారం: పెద్ద అధికారాలున్న ఖాతాతో మామూలు ఉద్యోగుల యంత్రాల్లో లాగిన్ అవుతూ ఉండటం వల్ల ఆ వివరాలు అక్కడ మిగిలిపోయాయి.

బెంగళూరు కేంద్రంగా ఉన్న విప్రో సంస్థలో కొందరు ఉద్యోగుల ఖాతాలు ఫిషింగ్‌కు, అంటే నమ్మించి పాస్‌వర్డులు రాబట్టే మోసానికి గురైన సంగతి 2019 ఏప్రిల్‌లో బయటపడింది; సంస్థ దానిని ధ్రువీకరించింది. ఆ దాడిలో స్క్రీన్‌కనెక్ట్ అనే దూరనియంత్రణ టూల్ వాడారని, విప్రో యంత్రాలను మెట్లుగా చేసుకుని ఖాతాదారు సంస్థల మీదికి వెళ్లే ప్రయత్నం జరిగిందని భద్రతా వ్యవహారాల పాత్రికేయుడు బ్రయన్ క్రెబ్స్ రాశాడు. స్క్రీన్‌కనెక్ట్ సాంకేతిక సహాయ విభాగాలు నిత్యం వాడే మామూలు ఉత్పత్తి. ప్రపంచంలోని ఎన్నో సంస్థల సర్వర్లను దూరం నుంచి నిర్వహించే పని బెంగళూరులో పెద్ద ఎత్తున జరుగుతుంది కాబట్టి, ఈ నగరంలోని ఒక సాధారణ కంప్యూటర్‌లో ఏ టూల్ నడవవచ్చునన్న నిర్ణయం మరో ఖండంలోని సంస్థను కూడా తాకుతుంది.

క్లయింట్ కార్యాలయం గోడల మధ్య ఉన్నంతకాలం దాని మీద సంస్థకు కొంత పట్టు ఉంటుంది. అది మారుమూల కేంద్రాలకు వెళ్లినప్పుడు సమస్య స్వభావమే మారిపోతుంది. కర్ణాటక ప్రభుత్వం 2000 ప్రాంతంలో ప్రారంభించిన భూమి పథకం ఈ విషయంలో ముందుచూపు గల ప్రయత్నం: సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కించి తాలూకా కార్యాలయాల్లో అందించినప్పుడు, సిబ్బంది పాస్‌వర్డుతో గాక వేలిముద్రతో లాగిన్ అయ్యే ఏర్పాటు చేశారు; దాంతో తన పాస్‌వర్డును మరొకరు వాడారని చెప్పి మార్పుల బాధ్యత నుంచి తప్పుకునే వీలు అధికారికి లేకుండా పోయింది. అవి ప్రభుత్వ కార్యాలయాలు, ప్రభుత్వ యంత్రాలు, ప్రభుత్వ ఉద్యోగులు.

ఆధార్ నమోదు అలా కాదు. 2009 జనవరిలో ఏర్పడి, నందన్ నీలేకని అధ్యక్షతన పని ప్రారంభించిన విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ తన సాంకేతిక కేంద్రాన్ని బెంగళూరులోనే నెలకొల్పింది. దేశమంతటా కోటానుకోట్ల ప్రజల వేలిముద్రలను, కనుపాపలను సేకరించే పని ప్రభుత్వ సిబ్బందితో మాత్రమే అయ్యేది కాదు గనుక, రిజిస్ట్రార్లు, వారి కింద నమోదు ఏజెన్సీలు, వాటి కింద పరీక్ష పాసైన ఆపరేటర్లు అనే అంచెలు ఏర్పడ్డాయి. వేలాది ప్రైవేటు ఆపరేటర్ల ల్యాప్‌టాపుల్లో ఇన్‌స్టాల్ చేసిన నమోదు క్లయింట్‌ను రూపొందించినది బెంగళూరు సంస్థ మైండ్‌ట్రీ. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లలో కూడా పని సాగాలి కాబట్టి, బ్రౌజర్‌లో తెరిచే వెబ్ పేజీగా కాక, యంత్రంలోనే ఉండి నెట్ లేనప్పుడూ నడిచే సాఫ్ట్‌వేర్‌గా దానిని తయారుచేశారు. సేకరించిన వివరాలను వెంటనే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం తెలిసిన సర్వర్ తప్ప మరెవరూ చదవలేని రూపంలోకి మార్చి ప్యాకెట్‌గా దాచుకుని, కనెక్షన్ దొరికినప్పుడు కేంద్ర భాండాగారానికి పంపేది. ఆనాటి పరిస్థితుల్లో అది సబబైన నిర్ణయమే, కాని దాని మూల్యం కూడా ఆ నిర్ణయంలోనే ఉంది.

ఈ క్లయింట్‌లో కట్టడులు చాలానే పెట్టారు. ఆపరేటర్ తన వేలిముద్ర లేదా కనుపాప ఇస్తేనే అది తెరుచుకోవాలి. యంత్రం ఎక్కడ ఉందో జీపీఎస్ చెప్పాలి. ప్రతి నమోదుకూ తేదీ, సమయంతో కలిపి 28 అంకెల సంఖ్య పడాలి. వీటన్నిటినీ అమలుచేసే కోడ్ మాత్రం ఆపరేటర్ సొంత ల్యాప్‌టాప్‌లో, అతడు అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్న యంత్రంలో, అతడు తెరవగల, తొలగించగల, మార్చగల ఫైళ్లలో ఉండేది. 2017 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రత్యేక పోలీసు దళం కాన్పూర్‌కు చెందిన ఒక ముఠాలో 10 మందిని అరెస్టు చేసి వెల్లడించిన వివరాలు ఈ బలహీనతను బట్టబయలు చేశాయి: మొదట ఆపరేటర్ల వేలిముద్రలకు కృత్రిమ నకళ్లు తయారుచేసి ఒకరి లాగిన్‌ను పలువురు వాడుకున్నారని, ప్రాధికార సంస్థ కనుపాపను కూడా అడగడం మొదలుపెట్టాక ఆ పరీక్షే లేకుండా మార్చిన క్లయింట్‌ను తయారుచేసి అమ్మారని పోలీసులు చెప్పారు. కట్టడిని గట్టిచేసిన కొద్దీ, దానిని గెలవడం మాని దానినే తీసివేయడం వైపు దాడి మళ్లింది.

2018 సెప్టెంబరు 11న హఫ్‌పోస్ట్ ఇండియా ఇటువంటి ప్యాచ్, అంటే క్లయింట్‌ను మార్చే సాఫ్ట్‌వేర్ ముక్క గురించే మరింత వివరమైన కథనాన్ని ప్రచురించింది. 2,500 రూపాయలకే దొరుకుతున్న ఆ ప్యాచ్ ఆపరేటర్ బయోమెట్రిక్ పరీక్షను దాటవేస్తుందని, జీపీఎస్‌ను నిర్వీర్యం చేస్తుందని, కనుపాప గుర్తింపు ఎంత కచ్చితంగా సరిపోలాలన్న ప్రమాణాన్ని తగ్గిస్తుందని, అది కొత్త వర్షన్‌లోని కొన్ని ముక్కల స్థానంలో అంత కట్టుదిట్టం లేని పాత వర్షన్ ముక్కలను అతికించి చేసినదని దానిని పరిశీలించిన నిపుణులు చెప్పినట్టు అందులో ఉంది. ప్రాధికార సంస్థ ఆ కథనాన్ని తోసిపుచ్చింది. ఆపరేటర్ బయోమెట్రిక్‌ను కేంద్ర సర్వర్ల వద్ద కూడా సరిచూస్తామని, నమోదయ్యే వ్యక్తి పది వేలిముద్రలను, రెండు కనుపాపలను అప్పటికే ఉన్న అందరితో పోల్చిన తర్వాతే సంఖ్య జారీ అవుతుందని, నిబంధనలు మీరిన 50 వేలకు పైగా ఆపరేటర్లను బ్లాక్‌లిస్టులో పెట్టామని ప్రకటించింది.

ఈ రెండు వాదనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అవి పైకి కనిపించినంత విరుద్ధమైనవి కావు. క్లయింట్‌లోని కట్టడిని తొలగించవచ్చునని ఒకరు చూపారు. తొలగించినా సర్వర్ దగ్గర పరీక్ష ఉందని మరొకరు చెప్పారు. సర్వర్ పరీక్షించగల విషయాల్లో, అంటే ఒకే మనిషికి రెండు సంఖ్యలు రాకుండా చూడటంలో, సంస్థ వాదనకు బలం ఉంది. ఆ నమోదు ఎక్కడ జరిగింది, ఎదుట కూర్చున్నది నిజంగా ఆ ఆపరేటరేనా, చూపిన పత్రం అసలుదేనా అన్నవి క్లయింట్ చెబితే తప్ప సర్వర్‌కు తెలియని విషయాలు. అక్కడ క్లయింట్ అబద్ధం చెబితే సర్వర్ ఎంత బలమైనదైనా నమ్మక తప్పదు. సంస్థ కూడా సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడలేదు: 2017లోనే నమోదు కేంద్రాలను ప్రైవేటు ఆవరణల నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు, బ్యాంకు శాఖలకు, తపాలా కార్యాలయాలకు తరలించమని ఆదేశించింది. సాంకేతిక కట్టడి పనిచేయని చోట స్థలం, మనిషి, జవాబుదారీతనం మీద కట్టడి పెట్టడం ఆ సమస్యకు తగిన చికిత్స అని చెప్పాలి.

గుర్తింపును సరిచూసే ప్రమాణీకరణ యంత్రాల విషయంలో సంస్థ మరో అడుగు వేసింది. 2017 నుంచి రిజిస్టర్డ్ పరికరాలను తప్పనిసరి చేసే ప్రక్రియ మొదలై, వేలిముద్రను చదివే పరికరం తనకంటూ ఒక తాళంతో సంతకం చేసి పంపవలసి వచ్చింది. మొదటి స్థాయి పరికరాల్లో ఆ సంతకం కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. తర్వాతి స్థాయిలో పరికరం లోపలి రక్షిత చిప్ చేస్తుంది. రెండో పద్ధతిలో కంప్యూటర్ యజమాని అడ్మినిస్ట్రేటర్ అయినా కాకున్నా ఆ చిప్‌లోని తాళాన్ని బయటికి తీయలేడు. కట్టడి క్లయింట్ వైపే ఉన్నా, దాన్ని మార్చే అధికారం మాత్రం క్లయింట్ యజమాని చేతి నుంచి జారిపోయింది. ఆధార్ అనుభవం నుంచి దేశం నేర్చుకున్న అత్యంత విలువైన సాంకేతిక పాఠం ఇదే కావచ్చు.

సర్వర్ క్లయింట్‌ను ఎక్కువగా నమ్మినట్టే, క్లయింట్ సర్వర్‌ను ఎక్కువగా నమ్మడం వల్ల కూడా ముప్పు వస్తుంది. విండోస్‌లో చాలాకాలం పాటు, నెట్‌వర్క్ ప్రింటర్‌ను కలుపుకునే సాధారణ వాడుకరి యంత్రంలోకి ప్రింట్ సర్వర్ నుంచి డ్రైవర్ తనంతట తానే దిగి ఇన్‌స్టాల్ అయ్యేది. 2021 వేసవిలో బయటపడిన ప్రింట్‌నైట్‌మేర్ లోపాలు, ఆ సౌకర్యం ద్వారా దాడిచేసేవాడి కోడ్ కూడా అత్యున్నత అధికారంతో యంత్రంలోకి రాగలదని చూపాయి. ఆ ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ప్రింటర్ డ్రైవర్ల ఇన్‌స్టాలేషన్‌కు అడ్మినిస్ట్రేటర్ అధికారాన్ని తప్పనిసరి చేసింది. ఎన్నో కార్యాలయాల్లో ప్రింటింగ్ ఆగిపోయి, నిర్వాహకులు తలపట్టుకున్నారు. ఆ ఒత్తిడిలో పాత సౌకర్యాన్ని తిరిగి తెరిచినవారు ప్రింటింగ్‌తో పాటు ముప్పును కూడా తిరిగి తెచ్చుకున్నట్టయింది. డ్రైవర్లను ముందుగానే నిర్వాహకుల చేత అన్ని యంత్రాలకూ పంపిణీ చేయించినవారికి ఆ ఇబ్బంది తాత్కాలికమే అయింది.

ఈ అనుభవాలన్నిటి వెలుగులో, కొత్త క్లయింట్‌ను ప్రవేశపెట్టే కార్యాలయం పాటించవలసినవి అంత ఖరీదైనవేమీ కావు. ఇన్‌స్టాలేషన్‌ను ఉద్యోగి ఖాతాతో గాక, నిర్వాహక వ్యవస్థ ద్వారా దూరం నుంచి నడిపించాలి. ప్యాకేజీలో ఉద్యోగికి కావలసిన భాగాలనే ఉంచాలి. అడ్మిన్ టూల్స్‌ను నిర్వాహకుల ప్రత్యేక యంత్రాల్లో మాత్రమే పెట్టి, వారి పెద్ద ఖాతాలు ఆ యంత్రాల్లో తప్ప మరెక్కడా లాగిన్ కాకుండా చూడాలి. అన్ని యంత్రాలకూ ఒకే స్థానిక అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పెట్టే అలవాటు మానాలి. ఒక్కో యంత్రానికి వేరు పాస్‌వర్డును తయారుచేసి, గడువు ప్రకారం మార్చే ల్యాప్స్ అనే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2015 నుంచి ఉచితంగా ఇస్తూ, 2023లో విండోస్‌లోనే కలిపివేసింది. సర్వర్ మీద జరిగే ప్రతి నిర్వాహక చర్యకూ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న నమోదు ఉండాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు ఆ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, చొరబాటు జరిగితే 6 గంటల్లో తెలియజేయాలని చెబుతున్నాయి.

అంతకన్న ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. క్లయింట్ మొత్తం, దానిలోని కట్టడులన్నీ తొలగించిన రూపంలో, దురుద్దేశం గల మనిషి చేతిలో పడిందని ఊహించి, ఆ స్థితిలో సర్వర్ ఏయే పనులు చేసిపెడుతుందో జాబితా రాసుకోవాలి. ఆ జాబితాలో ఉద్యోగి స్థాయిని మించిన పని ఒక్కటి కనిపించినా, దానిని సర్వర్ దగ్గర సరిచేసేదాకా ఆ క్లయింట్‌ను ఒక్క యంత్రంలోనూ ఇన్‌స్టాల్ చేయవద్దని ప్రభుత్వ శాఖల అధిపతులను, బ్యాంకు నిర్వాహకులను, మీసేవ వంటి కేంద్రాలను నడిపించే సంస్థలను కోరవలసి ఉంది.